కైలాసం ఎవరిది? ఒకే కొండ చుట్టూ నాలుగు మతాల కథ

రావణుడు కైలాసాన్ని ఎత్తబోయిన కథ మన ఇళ్లలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కుబేరుణ్ణి ఓడించి పుష్పకం లాక్కుని వస్తుంటే ఆ కొండ దగ్గర విమానం ఆగిపోయింది, ఇటు వెళ్లడానికి లేదని నంది అడ్డుపడ్డాడు, రావణుడికి ఒళ్లు మండి కొండ కిందికి చేతులు దూర్చి పైకి లేపాడు, శివుడు కాలి బొటనవేలితో నొక్కేసరికి ఆ చేతులు నలిగి మూడు లోకాలూ అదిరేలా అరిచాడు. ఆ అరుపు వల్లే రావణుడనే పేరు వచ్చిందని ఉత్తరకాండ చెబుతుంది. ఎల్లోరాలో 8వ శతాబ్దంలో కొండని తొలిచి చేసిన కైలాస ఆలయంలో ఈ ఘట్టం పెద్ద శిల్పంగా ఉంది.

ఇప్పుడు అదే కథ జైనుల దగ్గర వినండి. అక్కడ వాలి రాముడి బాణానికి చనిపోడు. తమ్ముడు సుగ్రీవుడికి రాజ్యం అప్పగించి, దీక్ష తీసుకుని, అష్టాపద పర్వతం మీద తపస్సు చేసుకుంటుంటాడు. రావణుడి విమానం సరిగ్గా అక్కడే ఆగుతుంది. పాత పగ గుర్తొచ్చి వాలితో సహా కొండని సముద్రంలో పడేద్దామని ఎత్తుతాడు. కొండ మీద భరత చక్రవర్తి కట్టించిన ఆలయాలు, అక్కడ బతికే జీవాలు ఏమైపోతాయోనని వాలి ముని బొటనవేలితో కొద్దిగా నొక్కుతాడు. రావణుడు అరుస్తాడు. పేరు అక్కడా అలాగే వస్తుంది.

టిబెటన్ బౌద్ధులు చెప్పేది మూడోది. లంక నుంచి వచ్చిన రాక్షసుడు ఈ కొండని పెకలించి తన ఊరికి మోసుకుపోవాలని చూస్తే, బుద్ధుడు 500 మంది అర్హతులతో, అంటే నిర్వాణ స్థితికి చేరిన శిష్యులతో, ఆకాశమార్గాన వచ్చి, కొండ కదలకుండా నాలుగు దిక్కులా తన పాదాలు మోపాడట. ఆ పాదముద్రలు మేకుల్లా కొండని పట్టి ఉంచాయని వాళ్ల నమ్మకం. ప్రదక్షిణ దారిలో వాటి దగ్గర ఇప్పటికీ నుదురు ఆనించి మొక్కుతారు.

కొండ ఒకటే, ఎత్తబోయినవాడూ ఒకడే, నొక్కిన పాదం మాత్రం మతాన్ని బట్టి మారిపోయింది. నా మటుకు నాకు కైలాసం గురించి అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఇదే. “హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, బోన్ మతస్తులకు పవిత్రమైనది” అని ఒక్క వాక్యంలో రాసేసి అందరూ ముందుకెళ్లిపోతారు, నలుగురూ వేరు వేరుగా వచ్చి ఒకే కొండకి దండం పెట్టుకుని వెళ్లినట్టు. జరిగింది అలా కాదు. వీళ్లు ఒకరి కథ ఒకరు విన్నారు, ఒకరి దేవుడి స్థానంలో ఇంకొకరు తమ దేవుణ్ణి కూర్చోబెట్టారు, కథల్లో పందేలు వేసుకున్నారు, గెలిచామని చెప్పుకున్నారు. అంత పోటీ ఉన్నా ఆ కొండ ఏ ఒక్కరికీ పూర్తిగా సొంతం కాలేదు. అది ఎలా కుదిరిందో చూద్దాం. ఆ క్రమంలో మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే కొన్ని మాటల్ని కూడా పక్కకి తీయాల్సి వస్తుంది.

ముందు నేల సంగతి. కైలాసం ఇప్పటి చైనా పాలనలోని టిబెట్‌లో, పడమటి కొసన ఉన్న ఙారీ ప్రాంతంలో ఉంది. నేపాల్, ఉత్తరాఖండ్ సరిహద్దులు అక్కడికి దగ్గరే. ఎత్తు 6,638 మీటర్లు. హిమాలయాల లెక్కలో ఇది పెద్ద ఎత్తేమీ కాదు. మానస సరోవరానికి దక్షిణంగా ఉన్న గుర్లా మాంధాత 7,600 మీటర్లు దాటుతుంది, అంటే కైలాసం కంటే వెయ్యి మీటర్ల పైన ఎక్కువ. అయినా చూపు కైలాసం మీదే ఆగుతుంది, ఎందుకంటే అది గుంపులో కలవకుండా విడిగా, నాలుగు పలకలుగా, పైన మంచు టోపీతో, మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. అసలు ఇది హిమాలయ పంక్తిలోది కూడా కాదు, దానికి ఉత్తరంగా ఉన్న వేరే వరసలోది.

ఆ మెట్ల ఆకారం చూసే కదా “ఇది మనుషులు కట్టిన పిరమిడ్” అని ప్రచారం మొదలైంది. అసలు కారణం రాయిలో ఉంది. ఇండియా భూభాగం ఉత్తరానికి జరుగుతూ వచ్చి ఆసియాని గుద్దుకున్న అతుకు ఈ ప్రాంతం గుండానే పోతుంది. ఆ రెండిటి మధ్య ఒకప్పుడు టెథిస్ అనే సముద్రం ఉండేది, దాని అడుగు రాళ్లు ఇప్పటికీ కైలాసం దక్షిణాన నేల మీదే దొరుకుతాయి. ఢీకొన్న చాలా కాలం తర్వాత, సుమారు రెండున్నర కోట్ల ఏళ్ల కిందట, నదులు కొట్టుకొచ్చిన గులకరాళ్లు, ఇసుక పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డాయి. కైలాసం శిఖరమంతా ఆ గులకరాతి పొరలే. పొరలు దాదాపు అడ్డంగా పడుకుని ఉండటం వల్ల, మంచు, గాలి కోసేసినప్పుడు మెట్లలా తేలాయి. 1936లో అగస్టో గాన్సర్ అనే స్విస్ భూగర్భ శాస్త్రవేత్త బౌద్ధ యాత్రికుడి వేషంలో కొండ చుట్టూ తిరిగి ఈ రాళ్లని పరిశీలించాడు. అప్పట్లో పరదేశీయులకి టిబెట్‌లోకి ప్రవేశం లేదు మరి. హిమాలయాలు ఎలా పుట్టాయో అర్థం చేసుకోవడానికి ఆ దొంగప్రయాణం చాలా ఉపయోగపడింది.

కొండకి దక్షిణంగా రెండు సరస్సులు పక్కపక్కన ఉంటాయి, మధ్యలో సన్నటి నేల. తూర్పున మానస సరోవరం, పడమట రాక్షసతాల్. మానస సరోవరం సముద్రమట్టానికి సుమారు 4,590 మీటర్ల ఎత్తులో, 400 చదరపు కిలోమీటర్లకి పైగా విస్తరించి ఉంటుంది. నీళ్లు మంచివి, తాగొచ్చు. రాక్షసతాల్ నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి. ఒకటి దేవతల సరస్సు కాబట్టి తియ్యగా, ఇంకొకటి రావణుడు తపస్సు చేసిన చోటు కాబట్టి విషంలా ఉంటుందని యాత్రలో గైడ్లు చెబుతారు. భౌగోళికంగా చూస్తే సంగతి సులువే: మానస సరోవరం కొంచెం ఎత్తులో ఉంది, దాని నీళ్లు గంగా ఛూ అనే చిన్న కాలువ ద్వారా, భూమి లోపలి నుంచి కూడా, రాక్షసతాల్‌లోకి వెళ్తాయి. బయటికి పారే దారి ఉన్న సరస్సులో ఉప్పు నిలవదు. రాక్షసతాల్‌కి వచ్చిన నీళ్లు ఎక్కువగా ఆవిరైపోవాల్సిందే, లవణాలు అక్కడే మిగిలిపోతాయి. విషమేమీ లేదు. రాక్షసతాల్‌లోని చిన్న దీవుల మీద బార్ హెడెడ్ గూస్ అనే బాతులు వేల మైళ్లు ఎగిరొచ్చి గుడ్లు పెడతాయి. ఈ జాతి పక్షులే చలికాలంలో హిమాలయాలు దాటి దక్షిణ భారతం చెరువుల దాకా వస్తాయి. మానస సరోవరంలో ఉంటుందని మన కావ్యాలు వర్ణించిన రాజహంస ఇదేనని కొందరి అభిప్రాయం, నాకూ అది నిజమే అనిపిస్తుంది.

ఇక నదులు. మానస సరోవరం నుంచి నాలుగు మహానదులు పుడతాయని హిందువులూ బౌద్ధులూ ఇద్దరూ చెబుతారు. టిబెటన్ల లెక్కలో సింహం నోటి నుంచి సింధు, గుర్రం నోటి నుంచి బ్రహ్మపుత్ర, ఏనుగు నోటి నుంచి సట్లెజ్, నెమలి నోటి నుంచి కర్నాలి. సరస్సులోంచి తిన్నగా ఏదీ పుట్టదు. కానీ నాలుగూ ఈ చుట్టుపక్కల నేల నుంచే మొదలవుతాయి, నాలుగు దిక్కులకీ విడిపోతాయి, సింధు, బ్రహ్మపుత్ర అయితే ఉపఖండాన్ని రెండు చేతులతో చుట్టినట్టు చుట్టి రెండు సముద్రాల్లో కలుస్తాయి. ఆ విషయం మ్యాపులు లేని రోజుల్లో మనుషులకి తెలుసు! గంగ మాత్రం ఇక్కడ పుట్టదు, గోముఖ్ దగ్గర పుడుతుంది. కానీ ఇక్కడొక అందమైన సంగతి ఉంది. బాలకాండలో విశ్వామిత్రుడు రాముడితో “కైలాసపర్వతే రామ మనసా నిర్మితం సరః” అంటాడు, బ్రహ్మ తన మనసుతో సృష్టించిన ఆ సరస్సు నుంచే అయోధ్యని చుట్టి పారే సరయు వచ్చిందని చెబుతాడు. ఇప్పుడు మ్యాపు తీసి కర్నాలి నదిని పట్టుకుని కిందికి రండి. మానస సరోవరానికి నైరుతి దిక్కున పుట్టి, నేపాల్ దాటి, ఉత్తరప్రదేశ్‌లో ఘాఘ్రా అయి, అయోధ్య దగ్గర సరయు అనిపించుకుని, చివరికి గంగలో కలుస్తుంది. సరస్సుకి, నదికి మధ్య కొద్ది దూరం తేడా తప్పితే రామాయణం చెప్పింది నేల మీద దాదాపు సరిపోతోంది.

ఈ నదుల పుట్టుక చుట్టూ 20వ శతాబ్దంలో పెద్ద వాదనే నడిచింది, అందులో మన గోదావరి జిల్లా మనిషి ఉన్నాడని తెలుగువాళ్లలో ఎంతమందికి తెలుసో! ఆయన అసలు పేరు కనకదండి వెంకట సోమయాజులు, తూర్పు గోదావరిలో 1896లో పుట్టారు. లాహోర్‌లో చదివి, అక్కడే రైల్వే ఆఫీసులో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, సహాయ నిరాకరణ రోజుల్లో కాంగ్రెస్ పనిలో పడి, తర్వాత సన్యాసం తీసుకుని స్వామి ప్రణవానంద అయ్యారు. ఆయన గురువు స్వామి జ్ఞానానంద కూడా పశ్చిమ గోదావరి మనిషే, యోగి అయి ఉండి ఆ తర్వాత అణు భౌతికశాస్త్రం చదివి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసినాయన. ప్రణవానంద 1928లో కశ్మీర్ మీదుగా మొదటిసారి కైలాసం వెళ్లారు. 1935 నుంచి ఏటా వెళ్తూ, 1936-37లో చలికాలమంతా మానస సరోవరం ఒడ్డున తుగోల్హో అనే బౌద్ధ మఠంలో ఉండిపోయారు. సరస్సు గడ్డకట్టడం, మంచు పగులుళ్లు, కరగడం అన్నీ రోజువారీగా రాసి పెట్టుకున్నారు. లోతులు కొలిచారు. కొండకి, సరస్సుకి చెరి ఇరవైసార్లకి పైగా ప్రదక్షిణ చేశారు.

అంతకుముందు 1907లో స్వెన్ హెడిన్ అనే స్వీడన్ అన్వేషకుడు ఈ నదుల మూలాలు తానే కనిపెట్టానని ప్రపంచానికి ప్రకటించుకున్నాడు. ఒక నదికి నీటి పరిమాణం, ఇంకో నదికి పొడవు, ఇంకో చోట స్థానిక సంప్రదాయం, ఇలా ఒక్కో నదికి ఒక్కో కొలమానం వాడితే ఎలాగని ప్రణవానంద అడిగారు. ఏ కొలమానమైనా నాలుగింటికీ ఒకటే ఉండాలన్నారు, టిబెటన్లు తరతరాలుగా చూపించే మూలస్థానాలకి విలువ ఇవ్వాలన్నారు. ఆయన చెప్పినదాన్ని సర్వే ఆఫ్ ఇండియా తన మ్యాపుల్లో తీసుకుంది. 1949లో వచ్చిన ఆయన పుస్తకానికి నెహ్రూ ముందుమాట రాశారు, 1976లో ప్రభుత్వం ఆయనకి పద్మశ్రీ ఇచ్చింది. శివభక్తుడైన సన్యాసి, బౌద్ధ మఠంలో బస, చేతిలో కొలత పరికరాలు: భక్తి ఉంటే శాస్త్రం అక్కర్లేదనీ, శాస్త్రం ఉంటే భక్తి ఉండదనీ వాదించేవాళ్లకి ఈయన జీవితం చూపించాలనిపిస్తుంది నాకు. మన స్కూలు పుస్తకాల్లో ఈయన గురించి ఒక పాఠం ఉండాలి.

ఇప్పుడు కొంచెం ఇబ్బంది పెట్టే ప్రశ్న. పురాణాల్లోని కైలాసం ఈ కొండేనా? పాత గ్రంథాల్లో కైలాసం ఎక్కడుందన్నది ఒకేలా ఉండదు. మహాభారతంలో పాండవులు బదరి, గంధమాదనం వైపు వెళ్తుంటే కైలాసం అక్కడే దగ్గర్లో ఉన్నట్టు వస్తుంది. మేరువు, కైలాసం ఒకటేనని కొన్ని చోట్ల, వేరు వేరని ఇంకొన్ని చోట్ల. కొందరు చరిత్రకారులు ఇంకా ముందుకెళ్లి, మైదానాల నుంచి హిందువులు పెద్ద సంఖ్యలో ఈ టిబెట్ కొండకి యాత్ర చేయడం ముఖ్యంగా 20వ శతాబ్దంలో, బ్రిటిష్‌వాళ్లు టిబెట్ దారి తెరిచాకే ఊపందుకుందని వాదిస్తారు. అంతకుముందు సాధువులు, సరిహద్దు వ్యాపారులు వెళ్లేవారు, మిగతావాళ్లకి కైలాసం మనసులో, పద్యంలో, ఊరి గుడిలో ఉండేది. శ్రీకాళహస్తిని దక్షిణ కైలాసం అంటాం, అక్కడ కైలాసగిరి ప్రదక్షిణ చేస్తాం, దానికి టిబెట్ వెళ్లక్కర్లేదు. ఈ వాదన విని కొందరు బాధపడతారు. నాకైతే భక్తి తగ్గాల్సిన కారణం కనపడదు. శివుడి కొండ ముందు మాటల్లో పుట్టి, తర్వాత నేల మీద తన చోటు వెతుక్కుంది అనుకున్నా అది చిన్న విషయం కాదు.

జైనులకీ ఇదే సమస్య. మొదటి తీర్థంకరుడు ఋషభనాథుడు మోక్షం పొందిన చోటు అష్టాపదం, దాన్నే దిగంబరుల ఆదిపురాణం కైలాసం అంటుంది. ఆయన కొడుకు భరత చక్రవర్తి అక్కడ 24 మంది తీర్థంకరులకీ రత్నాల బొమ్మలు పెట్టి ఆలయం కట్టించి, మామూలు మనుషులు పైకి రాకుండా ఎనిమిది పెద్ద మెట్లు చెక్కించాడట. ఆ ఆలయాన్ని కాపాడటానికే సగరుడి కొడుకులు చుట్టూ కందకం తవ్వి గంగని తెచ్చి నింపారని, ఆ నీళ్లు నాగలోకంలోకి దిగి నాగరాజు కోపానికి బూడిదయ్యారని చెబుతారు. మన భగీరథ కథ ఇక్కడ ఎంత వేరే రూపంలో ఉందో చూడండి. టిబెట్‌లోని శిఖరమే అష్టాపదమా, దాని పక్కనున్న గుట్టా అన్నదాని మీద జైనుల్లో ఏకాభిప్రాయం లేదు. యాత్రికులు మాత్రం కొండ కింద ఉన్న దార్చెన్ ఊరి పైన అష్టాపద్ అని పిలిచే చోటికి ఎక్కి దక్షిణ ముఖాన్ని దర్శనం చేసుకుంటారు.

దీనికి తెలంగాణలో ఒక తీగ తగులుతుంది. ఆలేరు దగ్గర కొలనుపాకలో, జైనులు కుల్పాక్‌జీ అనే గుడిలో ఋషభనాథుణ్ణి మాణిక్యదేవుడిగా కొలుస్తారు. ఆ విగ్రహాన్ని భరత చక్రవర్తి అష్టాపదం మీద చేయించాడని, అది చేతులు మారి లంకలో మండోదరి పూజలు అందుకుని, సముద్రంలో ఉండి, చివరికి ఇక్కడికి చేరిందని 14వ శతాబ్దపు జైన తీర్థ గ్రంథంలోనే ఉంది. అంటే రావణుడి కథ అష్టాపదాన్ని వదల్లేదు, కొలనుపాక దాకా వచ్చింది. అక్కడికి వెళ్లే తెలుగు భక్తుల్లో చాలామందికి ఈ కైలాసం లింకు తెలియదు.

టిబెట్ వైపు కథ ఇంకా చిక్కుగా ఉంటుంది, చిక్కుగా ఉన్నందుకే బాగుంటుంది. బౌద్ధం రాకముందు నుంచీ అక్కడ బోన్ అనే మతం ఉంది. షాంగ్‌షుంగ్ అనే పాత రాజ్యానికి ఈ ప్రాంతం గుండెకాయ, 7వ శతాబ్దంలో మధ్య టిబెట్ రాజులు దాన్ని జయించి కలిపేసుకున్నారు. బోన్ వాళ్లకి ఈ కొండ తీసే, తొమ్మిది అంతస్తుల స్వస్తిక పర్వతం, వాళ్ల గురువు తోన్‌పా షెన్‌రబ్ ఆకాశం నుంచి దిగిన చోటు. బౌద్ధులకి ఇది కాంగ్ రింపోచే. 11-12 శతాబ్దాల నాటి మహాయోగి మిలరేపా ఇక్కడికి వచ్చినప్పుడు నారో బోన్‌ఛుంగ్ అనే బోన్ సిద్ధుడు ఎదురై, ఇక్కడ ఉండాలంటే మా పద్ధతి పాటించాలన్నాడట. ఇద్దరూ మహిమల పందేలు వేసుకున్నారు. బోన్ సిద్ధుడు మానస సరోవరానికి అటొక కాలు ఇటొక కాలు పెట్టి నిలబడితే, మిలరేపా తన ఒళ్లు పెంచకుండానే సరస్సునంతా కప్పేశాడు. చివరి పందెం, పౌర్ణమి నాడు శిఖరానికి ఎవరు ముందు చేరతారు అని. తెల్లవారుజామునే బోన్ సిద్ధుడు డప్పు మీద ఎక్కి ఎగిరిపోతుంటే మిలరేపా నిద్రపోతున్నాడు, శిష్యులకి ఒకటే టెన్షన్. తొలి కిరణం పడగానే దాని మీద ఎక్కి ఆయన క్షణంలో పైకి చేరాడు. ఓడినవాడు కింద పడ్డాడు, డప్పు దొర్లుకుంటూ దక్షిణ ముఖం మీద నిలువు గాడి చేసింది. ఇప్పుడు ఫొటోల్లో మనం చూసే నిలువు గీత అదే.

ఈ కథ బౌద్ధులు చెప్పింది కాబట్టి బౌద్ధుడు గెలిచాడు, బోన్ వాళ్లు ఇలా చెప్పరు. అయితే గెలిచిన మిలరేపా ఏం చేశాడన్నది ముఖ్యం. ఓడినవాణ్ణి వెళ్లగొట్టలేదు. మీ పద్ధతిలో మీరు ప్రదక్షిణ చేసుకోండి అన్నాడు, కైలాసం కనిపించే ఇంకో కొండని వాళ్లకి ఇచ్చాడు. హిందువులు, బౌద్ధులు, జైనులు కొండని కుడివైపు ఉంచుకుని తిరుగుతారు, బోన్ వాళ్లు ఎదురు దిశలో. ఒకే దారిలో వాళ్లూ వీళ్లూ రోజూ ఎదురుపడుతూనే ఉంటారు.

శివుడి సంగతి కూడా ఇలాగే. టిబెటన్లు కైలాసం మీద డెమ్‌ఛోక్, అంటే చక్రసంవరుడు అనే బౌద్ధ తాంత్రిక దేవుడు, తన దేవితో కలిసి ఉంటాడంటారు. పులిచర్మం, కపాలమాల, జుట్టులో నెలవంక. ఎవరో గుర్తొస్తున్నారు కదా! తాంత్రిక గ్రంథాల్లో ఆ కథ దాచకుండానే ఉంది: భైరవుణ్ణి లొంగదీసి ఆయన స్థానాన్ని, అలంకారాల్ని చక్రసంవరుడు తీసుకున్నాడని. “అందరూ కొలిచేది ఒకే దేవుణ్ణి” అనే తీపి మాట ఇక్కడ పనికిరాదు, వినడానికి హాయిగా ఉంటుంది కానీ ఈ మతాలు ఒకదానితో ఒకటి ఎంత గట్టిగా వాదించుకున్నాయో అది కప్పేస్తుంది. నా దృష్టిలో ఆ వాదన కూడా గౌరవించాల్సినదే.

కొండ చుట్టూ దారి సుమారు 52 కిలోమీటర్లు. దార్చెన్‌లో మొదలుపెట్టి డిరాపుక్, డోల్మా లా కనుమ, గౌరీకుండ్, జుతుల్‌పుక్ మీదుగా తిరిగొస్తారు. మనవాళ్లకి మూడు రోజులు పడుతుంది, టిబెటన్లు చాలామంది ఒక్క రోజులో పూర్తి చేస్తారు, కొందరు ఒళ్లంతా నేలకి ఆనించి సాష్టాంగాలతో వారాల తరబడి తిరుగుతారు. టిబెటన్ పంచాంగంలోని గుర్రం సంవత్సరంలో ఒక్క ప్రదక్షిణ చేస్తే పదమూడు చేసినంత అని వాళ్ల నమ్మకం, పన్నెండేళ్లకొకసారి వచ్చే ఆ ఏడాది 2014లో వచ్చింది, తర్వాతది 2026.

శిఖరం ఎక్కడం గురించి. “ఎక్కబోయిన వాళ్లంతా చనిపోయారు, కొండ తోసేస్తుంది” అని ప్రచారం. రికార్డు వేరు. 1926లో హ్యూ రట్లెడ్జ్ అనే బ్రిటిష్ అధికారి ఉత్తర ముఖం చూసి ఎక్కలేమని తేల్చాడు, ఆయనతో వెళ్లిన కల్నల్ విల్సన్ ఇంకో వైపు దారి ఉందనుకున్నాడు కానీ సమయం చాల్లేదు. 1980లలో రైన్‌హోల్డ్ మెస్నర్‌కి చైనా అనుమతి ఇవ్వజూపితే ఆయనే వద్దన్నాడు. ఎవరెస్టుని ఆక్సిజన్ లేకుండా ఎక్కిన మనిషి ఆయన, చేతకాక వద్దన్నాడని అనలేం. 2001లో ఒక స్పెయిన్ బృందం ఎక్కబోతోందని వార్త రాగానే చాలా దేశాల నుంచి నిరసన వచ్చింది, ఎవరినీ ఎక్కనివ్వమని చైనా చెప్పింది. ఎవరికీ సాధ్యంకాని కొండ కంటే, సాధ్యమై ఉండి కూడా మనుషులు వదిలేసిన కొండే గొప్పదని నేను నమ్ముతాను.

మిగతా ఫార్వర్డ్‌లు కూడా చూద్దాం. ఉత్తర ధ్రువం నుంచి కైలాసం సరిగ్గా 6,666 కిలోమీటర్లు అంటారు. కైలాసం అక్షాంశం సుమారు 31 డిగ్రీలు, అక్కడి నుంచి ధ్రువానికి లెక్కేస్తే 6,560 చిల్లర వస్తుంది, ఎవరైనా చేసుకోవచ్చు ఈ లెక్క. పిరమిడ్ మాట ఎక్కువగా ఎర్న్‌స్ట్ ముల్దాషెవ్ అనే రష్యన్ నుంచి వచ్చింది, ఆయన కళ్ల డాక్టరు, భూగర్భ శాస్త్రవేత్త కాదు. అక్కడ పన్నెండు గంటల్లో రెండు వారాలంత గోళ్లు, జుట్టు పెరుగుతాయన్నదానికి ఎక్కడా ఆధారం లేదు. ఇవి పంపేవాళ్లు భక్తితోనే పంపుతారు, నాకు తెలుసు. కానీ ఆ కొండకి ఇలాంటి అబద్ధపు సర్టిఫికెట్లు కట్టడం దాని గౌరవాన్ని తగ్గించడమే.

మరి ఎవరిది అంటే, పాలనలో కూడా ఒకప్పుడు నలుగురి చెయ్యి ఉండేది. దార్చెన్, చుట్టూ కొన్ని మఠాలు 17వ శతాబ్దం నుంచి 1959 దాకా భూటాన్ చేతిలో ఉండేవి, లాసా ప్రభుత్వం దానికి ఒప్పుకునే ఉండేది. 1684 ఒప్పందంలో లడఖ్ రాజు తన భూములు చాలా వదులుకుని మిన్సర్ అనే ఒక్క ఊరిని మాత్రం ఉంచుకున్నాడు, దాని ఆదాయంతో కైలాస మానస సరోవరాల దగ్గర పూజాఖర్చులు జరగాలని. తర్వాత ఆ ఊరి శిస్తు జమ్మూ కశ్మీర్‌కి వెళ్లేది. ఇవాళ్టి సరిహద్దుల భాషలో ఈ ఏర్పాటు మనకి అర్థం కావడమే కష్టం. గాంధీజీ చితాభస్మంలో కొంత 1948లో మానస సరోవరంలో కలిపారు. 1954లో భారత్, చైనా ఒప్పందంలో యాత్రికుల రాకపోకలు రాసుకున్నారు, 1962 యుద్ధంతో దారి మూసుకుపోయి, 1981లో ఉత్తరాఖండ్‌లోని లిపులేఖ్ కనుమ మీదుగా మళ్లీ తెరుచుకుంది. ఈ మధ్యలో చైనా సాంస్కృతిక విప్లవం రోజుల్లో కొండ చుట్టూ ఉన్న మఠాలు కూల్చేశారు, ఇప్పుడు కనిపించేవి ఎక్కువగా 1980ల తర్వాత తిరిగి కట్టుకున్నవి. యాత్రికులు గౌరీకుండ్ దగ్గర ఫొటోలు దిగి వస్తారు కానీ ఈ విషయం ఎవరూ చెప్పరు.

1998 ఆగస్టులో ఉత్తరాఖండ్‌లో యాత్ర దారిలో ఉన్న మాల్పా దగ్గర కొండచరియ విరిగిపడి 200 మందికి పైగా చనిపోయారు, వారిలో 60 మంది కైలాస యాత్రికులు. 2015లో సిక్కింలోని నాథూ లా దారి తెరిచారు, 2017లో భారత్, చైనా సైన్యాల డోక్లామ్ గొడవతో ఆ ఏడాది అది ఆగింది. 2020లో కోవిడ్, లడఖ్ ఘర్షణల తర్వాత మొత్తం యాత్రే ఐదేళ్లు నిలిచిపోయి, 2025 జూన్‌లో రెండు దారుల్లో కలిపి 750 మందితో మొదలైంది, లాటరీలో పేరు వస్తేనే. కాబట్టి మన ఊళ్ల నుంచి ఎక్కువమంది నేపాల్ మీదుగా ప్రైవేటు టూర్లలో వెళ్తారు. వెళ్లేవాళ్లకి ఒక్క మాట: కాఠ్మాండు 1,400 మీటర్లు, సరస్సు 4,590, డోల్మా లా 5,630. అక్కడ మనకి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో ఉండేదానికి సగం. హెలికాప్టర్లో త్వరగా పైకి వెళ్తే శరీరానికి అలవాటు పడే టైమే ఉండదు. తలనొప్పి, వాంతులు మొదలయ్యాక “ఇంత దూరం వచ్చాం కదా” అని అమ్మానాన్నల్ని డోల్మా లా ఎక్కించకండి, వెంటనే కిందికి తీసుకొచ్చేయండి. సరస్సు ఒడ్డునో, ప్రదక్షిణ మొదట్లో వచ్చే యమద్వారం దగ్గరో ఆగిపోయినా కైలాస దర్శనం అయినట్టే.

చివరిగా, ఈ చర్చలో ఎప్పుడూ కనపడని వాళ్ల గురించి. లాటరీలో పేరు రావాలంటే ముందు భారత పాస్‌పోర్టు ఉండాలి. 1959 తర్వాత వచ్చి ఇక్కడ శరణార్థులుగా మిగిలిపోయిన టిబెటన్లలో చాలామందికి అది లేదు, వాళ్ల గుర్తింపు పత్రాలతో ఆ యాత్రకి అప్లై చేయడానికి లేదు. తరతరాలుగా ఆ కొండ చుట్టూ తిరిగిన వాళ్ల మనవళ్లు, మనవరాళ్లు కర్ణాటకలోని బైలకుప్పెలోనో, హిమాచల్‌లోని ధర్మశాలలోనో పుట్టి పెరిగి దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. చలికాలంలో హైదరాబాద్‌లో స్వెటర్లు అమ్మడానికి వచ్చే వాళ్లలో ఇలాంటివాళ్లు చాలామంది ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు బేరం అయ్యాక కాంగ్ రింపోచే గురించి అడగండి, వాళ్ల అమ్మమ్మలు, తాతయ్యలు చెప్పిన కథ మనకి తెలిసినదాని కంటే వేరుగా ఉండొచ్చు.